పేలియో మయోనైజ్ ఇంట్లో చేస్తే ఎందుకు విరుగుతోంది?

పేలియో అంటే ధాన్యాలు, పప్పులు, చక్కెర మానేసే తిండి పద్ధతి. మీరడిగినవి రెండు. మిక్సీలో చేస్తే నూనె, గుడ్డు విడిపోయి తేలుతున్నాయెందుకు? కొబ్బరి నూనెతో చేయవచ్చా?

రెండూ నాకు అనుభవమే. మొదటిసారి కప్పు ఆలివ్ నూనె ఒకేసారి మిక్సీ జార్‌లో పోసేశాను. వచ్చింది మయోనైజ్ కాదు, పల్చటి పసుపు పచ్చ మజ్జిగ. అంత ఖరీదైన నూనె పారబోయడానికి చెయ్యి రాలేదు. వారం రోజులు దాంతోనే ఆమ్లెట్లు వేసుకున్నాను.

పచ్చసొనలో ఉండే లెసిథిన్ నూనె బొట్ల చుట్టూ పొరలా పడితేనే అవి నీళ్లలో కలిసి నిలబడతాయి. ఒక్కసారిగా పోస్తే ఆ పొర పట్టేలోపే బొట్లు మళ్లీ ఒకదాన్నొకటి కలిసిపోతాయి. కాబట్టి మొదటి రెండు మూడు చెంచాల నూనె దగ్గరే ఓపిక కావాలి. చుక్కలు చుక్కలుగా వేయండి. అది చిక్కబడిందని కంటికి తెలిశాక సన్నటి ధారగా పోయవచ్చు. మిక్సీ జార్ వేడెక్కుతుంది, రెండు పచ్చసొనలైతే బ్లేడుకు సరిగా అందవు కూడా. హ్యాండ్ బ్లెండర్, పొడవాటి ఇరుకు గ్లాసు ఉంటే పని తేలిక.

నా కొలత: రెండు పచ్చసొనలు, రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం, రెండు టేబుల్ స్పూన్ల నీళ్లు, 240 మి.లీ. నూనె, ఉప్పు. ఆవకాయ పెట్టగా మిగిలిన ఆవపిండి పావు చెంచా వేస్తాను, కొన్న మస్టర్డ్ పేస్టు జోలికి పోను. దానిలోనూ చక్కెర ఉంటుందేమోనని లేబుల్ చదివే బాధ తప్పుతుంది.

పచ్చి గుడ్డు మాత్రం వాడకండి. సాల్మొనెల్లా (పచ్చి గుడ్డులో ఉండగల, కడుపు పాడుచేసే బ్యాక్టీరియా) భయం ఉత్తది కాదు. 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది గుర్తుందా? ఇంట్లో చేసుకుంటే ఎవరూ పట్టుకోరు గానీ కడుపుకు ఆ తేడా తెలియదు. పచ్చసొనలు, నిమ్మరసం, నీళ్లు ఒక చిన్న గిన్నెలో కలిపి, సన్న సెగ మీద మరుగుతున్న నీళ్ల గిన్నెపై పెట్టి ఆపకుండా తిప్పండి. థర్మామీటర్ 71 డిగ్రీలు చూపగానే దించి, గిన్నె అడుగును చన్నీళ్లలో పెట్టాలి. ఫోన్ మోగిందని ఒక్క నిమిషం వదిలానో లేదో, నాకు ఒకసారి గుడ్డు పొరటు తయారైంది. పూర్తిగా చల్లారాకే నూనె మొదలుపెట్టండి.

ఇక నూనె. కొబ్బరి నూనెతో చేశాను. ఆ పూట బాగానే ఉంది, ఫ్రిజ్‌లో పెట్టాక రాయి. 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టే నూనె కదా. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె బ్లెండర్‌లో పడితే నాకు చేదొచ్చింది. లైట్ అని అమ్మే ఆలివ్ నూనె వాడుతున్నాను, అవకాడో నూనె ఇంకా మంచిదే కానీ ధర చూసి ఆగిపోయాను. వేరుశనగ నూనె వద్దు, పేలియో లెక్కలో అది పప్పుజాతి.

చేసింది వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. కరెంటు గంటల తరబడి పోతే మిగిలింది పారేస్తాను.

మళ్లీ విరిగిందనుకోండి, కంగారు పడొద్దు. శుభ్రమైన గిన్నెలో ఇలాగే వేడిచేసి చల్లార్చిన మరో పచ్చసొన తీసుకుని, విరిగినదాన్నే నూనె అనుకుని చుక్కలుగా కలపండి. ఆ రోజు ఈ సంగతి తెలిసుంటే నాకు వారం ఆమ్లెట్లు తప్పేవి.