రెండో భాగం రాయబోతున్న యువ రచయితకు

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ మొదటి కథకు వచ్చిన ఆదరణ చూసి పత్రికవారు రెండో భాగం అడిగారనీ, పాఠకులు రెండింటినీ పక్కపక్కన పెట్టి తూకం వేస్తారేమోనని బెంగగా ఉందనీ రాశావు. కలం పట్టేముందు నువ్వు ఒక పాత నలుపు తెలుపు సినిమా చూడాలని నా కోరిక. యూనివర్సల్ సంస్థ 1931లో తీసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’కు కొనసాగింపుగా 1935లో వచ్చిన ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ అది. మొదటి చిత్రం ఘనవిజయం సాధించినా, రెండోది తీయడానికి దర్శకుడు జేమ్స్ వేల్ తొలుత ఇష్టపడలేదు. ఆ కథలో ఉన్న సారమంతా పిండేశాననే ఆయన అనుకున్నాడు.

సారం ఇంకా మిగిలే ఉంది. ఈ సినిమాలకు మూలమైన, మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞుడు సృష్టించిన వికృతజీవి అనర్గళంగా మాట్లాడుతుంది, తన ఒంటరితనాన్ని చెప్పుకుంటుంది, తనకొక తోడును సృష్టించి ఇమ్మని తనను పుట్టించినవాణ్ణి వేడుకుంటుంది. మొదటి సినిమా దాన్ని మూగగా ఉంచి, తోడు ప్రస్తావనే లేకుండా ముగిసింది. రెండో సినిమా సరిగ్గా అక్కడికే వెళ్ళింది. అడవిలో వయొలిన్ నాదం విని ఆ జీవి ఒక అంధ సన్యాసి గుడిసెకు చేరుతుంది. ఆయన దానికి అన్నపానీయాలిచ్చి, నాలుగు మాటలు నేర్పి, ఇన్నాళ్ళకు నాకొక స్నేహితుణ్ణి పంపావని దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటూ ఉంటే దాని చెంప మీద కన్నీరు జారుతుంది. అంతవరకు భయపెట్టిన ఆకారం మీద జాలి పుట్టించడానికి ఆ గుడిసె ఒక్కటి చాలింది. నా దృష్టిలో సినిమా మొత్తానికి ప్రాణం అదే, పేరులో ఉన్న వధువు కాదు. ఆ జీవికి తోడుగా సృష్టించిన, ఎల్సా లాంచెస్టర్ పోషించిన ఆ వధువు చివర కొన్ని నిమిషాలే కనిపిస్తుంది. ఆ కాసేపట్లోనే తనకోసం ఎదురుచూసిన వాణ్ణి చూసి కేకపెట్టి, అతని ఆశనంతా తుడిచేస్తుంది.

ఆ జీవి పాత్రధారి బోరిస్ కార్లాఫ్ మాత్రం దానికి మాటలు పెట్టడాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. 1939లో వచ్చిన మూడో చిత్రంలో అది మళ్ళీ మూగదైంది. కార్లాఫ్ వాదన మొదటి సినిమాకు అక్షరాలా వర్తిస్తుందని ఒప్పుకుంటాను. కానీ రెండోదాని నుంచి ఆ మాటలు తీసేస్తే మిగిలేది పాత భయమే. నీ కథను నీకన్నా ఎక్కువ ప్రేమించేవాళ్ళు కూడా నిన్ను ఇలాగే వెనక్కి లాగవచ్చు. వాళ్ళు చెప్పేది శ్రద్ధగా విను, నిర్ణయం మాత్రం నువ్వే తీసుకో.

ఆదరణ గురించి అడిగావు కనుక చెబుతున్నాను. ఆనాటి సమీక్షకులు చాలామంది ఈ సినిమాను మెచ్చుకున్నారు, అయినా ఆస్కార్ పోటీలో దీనికి దక్కింది శబ్దగ్రహణ విభాగంలో ఒక నామినేషన్ మాత్రమే. తరువాతి తరాల విమర్శకుల్లో ఎందరో దీన్ని మొదటిదానికన్నా మిన్నగా నిలబెట్టారు; 1998లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో దీనికి స్థానం లభించింది. లోపాలు లేవని కాదు. పనిమనిషి మిన్నీ కేకలూ హాస్యమూ నాకు మోతాదు మించినట్టే అనిపిస్తాయి. ముగింపు కూడా చివరి దశలో మారింది: చనిపోవలసిన హెన్రీని, అంటే ఆ జీవిని సృష్టించిన శాస్త్రజ్ఞుణ్ణి, బతికించి భార్యతో పంపేశారు, కానీ ప్రయోగశాల కూలిపోయే దృశ్యంలో అతను ఇంకా లోపలే కనిపిస్తాడు. పత్రికవారు సుఖాంతం కోరితే నువ్వు చివరి పేజీ ఒక్కటే మార్చి పంపవద్దు. ఆ ముగింపుకు దారితీసే ప్రతి సన్నివేశాన్నీ తిరిగి రాయగలిగితేనే మార్చు.

మొదటి కథలో ఆ మేనత్త పాత్ర ఎందుకు ఊరు విడిచిందో నువ్వు చెప్పలేదు, మేమూ అడగలేదు. నీ రెండో భాగం అక్కడ మొదలవుతుందేమో ఆలోచించు. చిత్తుప్రతి సిద్ధమైతే మొదటి కథతో కలిపి పంపు, రెండూ వరుసగా చదువుతాను.

నీ శ్రేయోభిలాషి