ట్యాంకు గాలితో నగిషీ పని: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బంగారు గాజుల మీద నగిషీ చెక్కడానికి గాలితో నడిచే హ్యాండ్‌పీస్ (చేత్తో పట్టుకుని చెక్కే పనిముట్టు) కొన్నాను. పని ఇంట్లోనే, కంప్రెసర్ మోత భరించలేకపోతున్నాం. టైర్ల షాపులో 40 లీటర్ల ట్యాంకు నింపించుకుంటే ఎంతసేపు వస్తుందండీ?
– ఒక స్వర్ణకారుడు, ప్రొద్దుటూరు

జవాబు: పని జరుగుతుంది, రోజంతా మాత్రం రాదు. ట్యాంకు మీద రాసిన లీటర్లను చూసి మోసపోకండి. ఎంత ఒత్తిడికి నింపారు, మీ పనిముట్టుకు కనీసం ఎంత కావాలి, ఆ రెంటి నడుమ ఉన్న గాలే మీకు పనికొచ్చేది. గేజిలో ఒత్తిడి సుమారు 15 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గిందంటే ట్యాంకు పరిమాణమంత మామూలు గాలి ఖర్చయినట్టు. 120 దాకా నింపి 45 దగ్గర ఆపితే తేడా 75, అంటే 40 లీటర్లు ఐదుసార్లు, మొత్తం 200 లీటర్లు. హ్యాండ్‌పీస్ నిమిషానికి 8 లీటర్లు తీసుకుంటే ఆపకుండా 25 నిమిషాలు. గాజు తిప్పుకోవడం, గ్రేవర్ (చెక్కే ములుకు) సాన పట్టడం మధ్యలో ఉంటాయి కాబట్టి ఇంకాసేపు సాగుతుంది. అయితే కొన్ని యంత్రాల్లో కాలి పెడల్ తొక్కకపోయినా గాలి పోతూనే ఉంటుంది. లేచినప్పుడల్లా ట్యాంకు వాల్వు కట్టేయండి. మీ పనిముట్టు ఖర్చు తెలియకపోతే 10 నిమిషాలు చెక్కి గేజి చూడండి. 30 పీఎస్‌ఐ తగ్గితే 80 లీటర్లు పోయినట్టు.

ట్యాంకును నేరుగా హ్యాండ్‌పీస్‌కు కలపవద్దు. ట్యాంకు వాల్వు తర్వాత నీళ్లు పట్టే ఫిల్టర్, ఆ తర్వాత రెగ్యులేటర్ (ఒత్తిడిని ఒకేలా ఉంచేది), అక్కడి నుంచి 6 మిల్లీమీటర్ల పైపు, పెడల్. రెగ్యులేటర్ లేకపోతే ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ దెబ్బ తగ్గిపోయి, ఒకే గీత ఒక కొసన లోతుగా, ఇంకో కొసన పైపైన పడుతుంది. బంగారం మీద అది దిద్దుకోలేని తప్పు. రెగ్యులేటర్‌ను మీ హ్యాండ్‌పీస్ తయారీదారు చెప్పిన ఒత్తిడికే పెట్టండి.

టైర్ల షాపు గాలిలో నీళ్లూ, కంప్రెసర్ ఆయిలూ కలిసి వస్తాయి. హ్యాండ్‌పీస్ లోపల కొట్టే పిస్టన్‌కు జిగురు పట్టి దెబ్బ మందగిస్తుంది, చాలామంది హ్యాండ్‌పీస్ పాడైందనుకుంటారు. సాయంత్రం నింపించి రాత్రంతా కదపకుండా ఉంచండి. చల్లబడిన గాలిలోంచి నీళ్లు అడుగుకు దిగుతాయి. పొద్దున్నే అడుగు వాల్వు కొద్దిగా తెరిచి, ఆ నీళ్లు పోగానే మూసేయండి. ట్యాంకు రేకు మీద రాసిన ఒత్తిడికి మించి నింపనివ్వకండి, లారీ టైర్లకు పెట్టిన లెక్కతో నింపేస్తారు. అతుకుల దగ్గర సబ్బునీళ్లు పూసి చూడండి. సన్నటి లీకు కూడా తెల్లారేసరికి ట్యాంకును ఖాళీ చేస్తుంది.

ప్రశ్న: ఇదే ట్యాంకుతో రాతి ఉలి నడుస్తుందా?
– ఒక శిల్పి, ఆళ్లగడ్డ

జవాబు: నడవదు. రాతికి వాడే గాలి సుత్తికి 90 పీఎస్‌ఐ దగ్గర నిమిషానికి 100 లీటర్లు, అంతకన్నా ఎక్కువ కూడా కావచ్చు. 120 నుంచి 90కి పడేలోపు ఈ ట్యాంకు ఇచ్చేది 80 లీటర్లే, నిమిషం కూడా రాదు. కంప్రెసర్‌ను బయట పెట్టి పొడుగు పైపు లాక్కోండి.

ప్రశ్న: అతుకు పనికి ఆక్సిజన్ సిలిండర్ ఉంది. హ్యాండ్‌పీస్‌ను దానికే కలపవచ్చా? కార్బన్ డయాక్సైడ్ అయితే?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ఆక్సిజన్ వద్దే వద్దు. హ్యాండ్‌పీస్‌లో, పెడల్‌లో ఆయిల్ ఉంటుంది. అధిక ఒత్తిడి ఆక్సిజన్‌కు ఆయిల్ తగిలితే అదే అంటుకోవచ్చు. పైగా వదిలిన ఆక్సిజన్ మీ చొక్కా చేతుల్లో చేరుతుంది, పక్కనే ఊదుడు మంట ఉంటుంది. ఒక్క రవ్వ చాలు.

కార్బన్ డయాక్సైడ్‌తో నడపవచ్చు. కిలో వాయువు మామూలు ఒత్తిడిలో 500 లీటర్లకు పైగా వస్తుంది కాబట్టి చిన్న సిలిండర్ కూడా ఎక్కువసేపు వస్తుంది. దానికి తగిన రెగ్యులేటర్ తప్పనిసరి. సిలిండర్‌ను నిలబెట్టే వాడండి, పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వచ్చి గడ్డకడుతుంది. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవంగా ఉండదు, ఒత్తిడి గబగబా పెరుగుతుంది. మన ఎండాకాలంలో ఎండ తగిలే చోట, మూసిన కారులో ఉంచకండి. తలుపులు మూసిన గదిలో ఈ వాయువు నేల దగ్గర చేరి ఊపిరాడనివ్వదు, కిటికీలు తెరిచే చెక్కండి. సిలిండర్ మెడ మీద చెక్కిన పరీక్ష గడువు దాటిపోయి ఉంటే నింపించవద్దు.