పోలిక ఎక్కడుంటుంది?

ప్రశ్న: మా నాన్నగారు వచ్చే ఏప్రిల్‌లో రిటైరవుతున్నారు. ఆయన బొమ్మ వేసి, ఫ్రేమ్ కట్టించి ఇద్దామని రెండు నెలలుగా కూర్చుంటున్నాను. షేడింగ్ బాగానే వస్తోంది గానీ పోలిక రావడం లేదు, టెన్షన్‌గా ఉంది. బాపుగారిలా నాలుగు గీతల్లో మనిషిని పట్టుకోవడం నేర్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: నేర్చుకోవచ్చమ్మా. అయితే బాపుగారి కథల బొమ్మల్లో కనిపించే అమ్మాయి, ఆ పెద్ద కళ్లు, ఆ జడ, ఫలానా మనిషివి కావు. ఆయన మనసులోంచి వచ్చిన రూపం అది. మీకు కావాల్సింది ఒకే ఒక్క మనిషి పోలిక. అందుకు నందలాల్ బోస్ 1930లో చేసిన దండియాత్ర గాంధీ బొమ్మను ఎదురుగా పెట్టుకోండి. (మన రాజ్యాంగం అసలు ప్రతిని బొమ్మలతో అలంకరించింది కూడా ఆయనా, ఆయన శిష్యులే.)

అది లినోకట్. లినోలియం షీటును చిన్న ఉలితో చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీస్తారు. చెక్కిన చోటు తెల్లగా, మిగతాదంతా నల్లగా పడుతుంది. ఒకసారి చెక్కిన గీతను రబ్బరుతో చెరపడానికి లేదు. అందుకే అక్కరలేని గీత అందులో ఒక్కటీ కనబడదు. గాంధీగారి ముఖాన్ని వేలితో మూసి చూడండి. చేతిలో కర్ర, ముందుకు పడిన అడుగు, పంచె మడతలు ఉంటే చాలు, ఆయనే అని తెలిసిపోతుంది. పోలిక కళ్లూ ముక్కుల్లోనే ఉంటుందనుకుని మనం అక్కడే నెలలు గడుపుతాం. అది నడకలోనూ, మెడ వంపులోనూ కూడా ఉంటుంది.

మా మామయ్య టైలర్. ఆయన పోయాక ఫోటో చూసి నాలుగు రోజులు కష్టపడి పెన్సిల్ షేడింగ్‌తో బొమ్మ వేశాను. అత్తయ్య చాలాసేపు చూసి, "ఫోటోలో ఇలాగే ఉంటారు" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ రాత్రి ఫోటో పక్కన పెట్టి గుర్తున్నంత మటుకే వేశాను. మిషన్ మీదికి వంగిన మెడ, ముక్కు చివరికి జారిన కళ్లజోడు, పెదాల మధ్య దారం, మెడలో టేపు. పది గీతలు కూడా లేవు. పొద్దున్నే అత్తయ్యకు చూపిస్తే, "ఒరే, టేపు ఎడమవైపు ఇంకాస్త పొడుగ్గా వేలాడుతుందిరా, అది సరిచెయ్యి" అంది. కళ్లు తుడుచుకుంటూనే అంది.

మీరూ కొన్నాళ్లు ఫోటో ముట్టుకోకండి. నాన్నగారు పేపరు చదివేటప్పుడో, చెప్పులు వేసుకునేటప్పుడో అయిదు నిమిషాలు ఊరికే చూడండి. తర్వాత వేరే గదిలోకి వెళ్లి బాల్ పెన్‌తో వేయండి. పెన్సిల్ వద్దు, చెరిపే వీలుంటే చెయ్యి తడబడుతుంది. మణికట్టు మాత్రమే కాకుండా మోచెయ్యి కూడా కదలాలి, అప్పుడే గీత సాగుతుంది. ఆ బొమ్మ మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి, ఒక గీత తగ్గించి మళ్లీ దించండి. ఇంకోసారి ఇంకోటి తగ్గించండి. ఏ గీత తీసేస్తే నాన్నగారు కాకుండా పోతారో దాన్ని తిరిగి పెట్టేయండి.

పూర్తయ్యాక ముందు మీ అమ్మగారికి చూపించండి. ఆవిడ ఏది సరిచెయ్యమంటే అది సరిచేసి, అప్పుడు ఫ్రేమ్‌కివ్వండి.