పట్టా భూమిలో అడవి పెంచితే ఫారెస్టోళ్లు తీసుకుంటారా?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లా. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అంచున నాన్న నుంచి వచ్చిన ఐదెకరాల పట్టా ఉంది. పత్తి మానేసి నల్లమద్ది, ఇప్ప, మోదుగ, తునికి లాంటి మన అడవి చెట్లు పెంచి, పక్షులకూ జంతువులకూ వదిలేద్దామని ఉంది. "అడవి లేస్తే భూమి ఫారెస్టోళ్లదైతది, పందులొచ్చి మా మక్క చేన్లు తింటయ్" అని ఊళ్లో భయపెడుతున్నారు. నిజమేనా సార్?

జవాబు: చెట్లు పెరిగినంత మాత్రాన భూమి చేతులు మారదు. ప్రైవేటు పట్టాను రిజర్వ్ ఫారెస్ట్‌లో కలపాలంటే 1967 అటవీ చట్టం ప్రకారం సెక్షన్ 4 నోటిఫికేషన్ (ఈ భూమిని రిజర్వ్ చేయాలనుకుంటున్నామన్న తొలి ప్రకటన) ఇచ్చి, హక్కుదారుల క్లెయిములు విచారించి, ఆ తర్వాతే సెక్షన్ 15 కింద ప్రకటించాలి. మీ చెట్ల కింద నెమలి గుడ్లు పెట్టినా, చిరుత తిరిగినా మీ హక్కుకు ఢోకా లేదు.

అయినా ఊరివాళ్ల భయం ఊరికే పుట్టలేదు లెండి. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, భూమి ఎవరిదైనా సరే, నిఘంటువు అర్థంలో అది అడవి అయితే అటవీ సంరక్షణ చట్టం (అడవిని వేరే పనికి వాడాలంటే కేంద్రం అనుమతి కావాలనే చట్టం) వర్తిస్తుందంది. 2023 సవరణ ఆ పరిధిని తగ్గించి, రికార్డుల్లో అడవి కాని భూమిలో పెంచిన చెట్లను చట్టం నుంచి తప్పించింది. కానీ 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు, అడవుల గుర్తింపు పూర్తయ్యేదాకా పాత అర్థాన్నే పాటించమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అంటే రేపెప్పుడో ఎవరైనా వచ్చి "ఇది అడవే కదా" అంటే, ఒకప్పుడు అది పత్తి చేనని, ఆ చెట్లు మీరు పెంచినవేనని చూపించే కాగితాలు మీ చేతిలో ఉండాలి.

అందుకే మొక్కల కోసం నర్సరీకి వెళ్లేముందు తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లండి. సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు), ఖాస్రా పహాణీ (పాత సాగు రికార్డు), తర్వాతి పహాణీల సర్టిఫైడ్ నకళ్లు తీసుకోండి. మీ సర్వే నంబరు పాత సెక్షన్ 4 నోటిఫికేషన్లలో ఎక్కడైనా ఉందేమో అటవీ శాఖను సమాచార హక్కు కింద అడగండి. చాలామంది వదిలేసే పని ఇదే. రెవెన్యూ, ఫారెస్ట్ వాళ్లతో జాయింట్ సర్వే చేయించి, హద్దురాళ్లు పాతించి, పంచనామా నకలు దాచుకోండి. దున్నిన చేను ఫోటోలు కూడా తీసి పెట్టండి. మీ మద్దిచెట్లూ రిజర్వ్ మద్దిచెట్లూ కలిసిపోయాక హద్దు తేల్చడం సర్వేయర్‌కీ తలనొప్పే.

నాన్నగారికి వచ్చింది లావణి పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) అయితే మాత్రం నా సలహా వేరు. దానికి సాగు చేయాలన్న షరతు ఉంటుంది, బీడు పెట్టారని రద్దు చేసే వీలుంది. అలాంటప్పుడు కనీసం కొంత భాగంలోనైనా సాగు వదలకండి. ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయల రైతు భరోసా కూడా సాగుయోగ్యమైన భూమికే. భూమి అడవిగా మారాక అది ఆగే అవకాశం ఉంది.

సొంత చెట్టే అయినా నరకాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. నీలగిరి, సుబాబుల్ లాంటివాటికి మినహాయింపు ఉంది, మీరు పెంచాలనుకునే చెట్లకు అది దొరుకుతుందనుకోకండి. తునికాకును సొంత చెట్టుదే కదా అని బేరగాడికి అమ్మకండి, దాని వ్యాపారం 1971 చట్టంతో ప్రభుత్వ అదుపులో ఉంది.

"కమ్యూనిటీ రిజర్వ్‌గా ప్రకటించమని రాసివ్వండి" అని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడకండి. అంటే సొంత భూమిని వన్యప్రాణుల రక్షణకు అప్పగించడం; వన్యప్రాణి చట్టం సెక్షన్ 36సి కింద ఇది స్వచ్ఛందమే. ప్రకటించాక మాత్రం మేనేజ్‌మెంట్ కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేకుండా భూమి వాడకం మార్చలేరు. పిల్లలకు పంచే ఆలోచన ఉంటే ముందు వాళ్లతో మాట్లాడండి.

ఇక పందుల సంగతి. అడవి జంతువు మీ పెంపుడు పశువు కాదు, అది పక్క చేను తిన్నంత మాత్రాన నష్టం మీ మీద వేయడం కష్టం. పంట పోయినవాళ్లు పరిహారానికి అటవీ శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి. నాకు టెన్షన్ పెట్టేది కరెంటు తీగలు. పందుల కోసమని మీ హద్దు వెంట ఎవరైనా తీగకు కరెంటు పెడితే, రాత్రి దానికి తగిలి మనిషి పోయినా, పులి పోయినా, పోలీసులు మొదట అడిగేది ఆ భూమి ఎవరిదని. మీ కంటపడిన రోజే విద్యుత్ శాఖకూ పోలీస్ స్టేషన్‌కూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రశీదు తీసుకోండి.