ఒక్క గది కోసం నెలకు 22,650 రూపాయలా?

ప్రశ్న: మేం మియాపూర్‌లో తొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్నాం. మావారికి నెలకు చేతికొచ్చేది 88 వేలు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, నాకు 34 వేలు. పాప రెండో తరగతి. అత్తయ్యగారు మా దగ్గరే ఉంటారు, ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. అద్దె 21 వేలు. ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లు కలిపి 26 లక్షలు దాచాం. ఇప్పటికి మూడు ఇళ్ళు చూశాం. మొదటిది బాచుపల్లిలో ఇంకా కడుతున్న గేటెడ్ కమ్యూనిటీలో మూడు బెడ్‌రూముల ఫ్లాటు: 1,500 అడుగులు, తూర్పు ముఖం, 92 లక్షలు, రెండేళ్ళకు చేతికొస్తుంది. రెండోది మియాపూర్‌లోనే, పద్నాలుగేళ్ళ అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు: రెండు బెడ్‌రూములు, 1,120 అడుగులు, పడమర ముఖం, 60 లక్షలు. మూడోది అమీన్‌పూర్ వైపు: మూడు బెడ్‌రూములు, 64 లక్షలే, కానీ ఆ అంతస్తుకు పర్మిషన్ లేదు, తర్వాత రెగ్యులరైజ్ అవుతుందంటున్నారు. "ఇల్లు జీవితంలో ఒక్కసారి కొంటాం, అందులో రాజీ ఎందుకు" అని మావారు బాచుపల్లి దాని మీదే ఉన్నారు. అత్తయ్యగారు తూర్పు ముఖమే కావాలంటున్నారు. నాకేమో ధైర్యం చాలడం లేదు. ఎంతవరకు రాజీ పడొచ్చు?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: అమ్మా, ముందు మూడోదాన్ని పక్కన పెట్టేద్దాం. దాని గురించి రెండో ఆలోచన కూడా వద్దు. పర్మిషన్ లేని అంతస్తుకు పేరున్న బ్యాంకులు అప్పివ్వవు. ఇచ్చేవాళ్ళు ఎక్కువ వడ్డీ వేస్తారు. రెగ్యులరైజ్ చేయాలా వద్దా అన్నది ప్రభుత్వం చేతిలో ఉంది, మీకు మాటిచ్చిన బిల్డరు చేతిలో లేదు. రిజిస్ట్రేషన్ అయిన మర్నాటి నుంచి నోటీసులు మీ పేరునే వస్తాయి, ఆయన పేరున కాదు. రేపు మీరు అమ్మబోతే, ఇవాళ మీకు వచ్చిన అనుమానమే కొనేవాళ్ళకూ వస్తుంది. 2024 జూలైలో హైదరాబాద్‌లో ఆక్రమణల్ని తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక, చెరువు నిండినప్పుడు నీళ్ళు పరుచుకునే హద్దు (ఎఫ్‌టీఎల్) లోపల, దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ జోన్‌లో ఉన్న కట్టడాల మీదకు యంత్రాలు వెళ్ళడం నగరమంతా చూసింది. మీరు చూసిన బిల్డింగు చెరువుకు దూరంగానే ఉండొచ్చు. అయినా సరే, పర్మిషన్ లేదన్న ఒక్క మాట చాలు నాకు.

ఇక మీ ఇంట్లో అసలు వాదన బాచుపల్లికీ మియాపూర్‌కీ మధ్య. దాన్ని లెక్కలోకి దింపుదాం.

బాచుపల్లి ఫ్లాటు ధర 92 లక్షలన్నారు. అది మీ జేబులోంచి పోయే మొత్తం కాదు. కట్టుబడిలో ఉన్న ఇంటికి 5 శాతం జీఎస్టీ ఉంది, అది 4.60 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అది 6.90 లక్షలు. అంటే 1 కోటి 3.5 లక్షలు. ఇంకా ఒక్క చెక్క అల్మరా కూడా చేయించలేదు, ఒక్క ఫ్యాను కూడా బిగించలేదు. 75 లక్షల లోపు అప్పయితే ఇంటి విలువలో 80 శాతం దాకా బ్యాంకు ఇవ్వొచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చుల్ని ఆ విలువలో కలపరు. కాబట్టి మీకు గట్టిగా వచ్చేది 73.60 లక్షలు. మిగతా 29.90 లక్షలు మీరు తేవాలి. మీ దగ్గరున్నవి 26. అంటే మొత్తం ఊడ్చి ఇచ్చినా ఇంకా నాలుగు లక్షలు తక్కువ. ఆ నాలుగూ పర్సనల్ లోన్ నుంచో, మీ మెడలోంచో రావాలి.

8.5 శాతం వడ్డీతో ఇరవయ్యేళ్ళకు వేశాను. మీ బ్యాంకు కాస్త తక్కువకే ఇవ్వొచ్చు, కానీ ఫ్లోటింగ్ రేటు ఇరవయ్యేళ్ళూ కిందనే ఉండదు కాబట్టి కొంచెం పైనే పెట్టుకున్నాను. 73.60 లక్షలకు నెల వాయిదా దాదాపు 63,870. మీ ఇద్దరి జీతంలో సగానికి పైన. బిల్డరు ఇల్లు కట్టే రెండేళ్ళలో అయితే ఇటు అద్దె, అటు బ్యాంకు విడుదల చేసినంత మేరకు వడ్డీ, రెండూ కట్టాలి. చివరి నెలలకు ఆ వడ్డీయే 52 వేలు దాటుతుంది.

మియాపూర్ ఫ్లాటుకు జీఎస్టీ లేదు. రిజిస్ట్రేషన్‌కు 4.50 లక్షలు. రంగులు, వంటగది, బాత్రూముల పైపులు మార్చడానికి 3 లక్షలు వేసుకోండి. మొత్తం 67.50. మీ దగ్గరివి 20 లక్షలు పెట్టి, 47.50 అప్పు తీసుకుంటే నెలకు 41,220. ఆరు లక్షలు మీ దగ్గరే మిగులుతాయి. ఆ ఆరు లక్షల జోలికి పోవద్దు, ఫర్నిచర్ కోసం కూడా. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ ఇంట్లో ఉన్నారు.

రెండు వాయిదాల మధ్య తేడా 22,650. మీరిప్పుడు కడుతున్న అద్దె కంటే ఎక్కువ.

నా దగ్గరికి ఇల్లు కొనాలని వచ్చిన ప్రతి దంపతులనూ నేను ఒకే పని చేయమంటాను. ఇద్దరిలో ఒకరి జీతం ఏడాది పాటు రాదనుకుని, మిగిలిన ఒక్క జీతంతో వాయిదా కట్టి చూడమంటాను, కాగితం మీద. మీవారి 88 వేల లోంచి బాచుపల్లి వాయిదా పోతే 24,130 మిగులుతాయి. అందులో నలుగురి తిండి, పాప స్కూలు, మందులు, కరెంటు, మెయింటెనెన్స్. మియాపూర్ వాయిదా పోతే 46,780 మిగులుతాయి. ఇబ్బందే, కానీ బండి నడుస్తుంది. ఇప్పుడు తిరగేసి చూడండి. ఉద్యోగం పోయింది మీవారిదైతే మీ 34 వేలతో రెండింట్లో ఏదీ నిలబడదు. అందుకే ఆ ఆరు లక్షలు. బాచుపల్లి ఫ్లాటుకు పోతే ఆ ఆరు లక్షలు అసలు ఉండవు. ధైర్యం చాలడం లేదని రాశారు చూశారా, మీ మనసు ఈ లెక్కే వేసుకుంది. దాన్ని పిరికితనం అనుకోకండి.

"ఇంటి విషయంలో రాజీ ఎందుకు" అంటున్న మీవారి మాట కూడా నేను తేలిగ్గా తీసుకోను. తొమ్మిదేళ్ళు అద్దె ఇంట్లో ఉన్న మనిషి, మూడు గదుల కొత్త ఇల్లు చూసుకోవాలనుకోవడంలో తప్పేముంది? కానీ ఇంట్లో పడకపోతే ఆ రాజీ నెల ఖర్చులో పడుతుంది. అది పడేది ఎవరి మీదో చూడండి. ఇంట్లో డబ్బు బిగిసినప్పుడు మొదట వాయిదా పడేది పెద్దావిడ డాక్టర్ దగ్గరికి వెళ్ళడం. తర్వాత మీ పంటి వైద్యం. సంవత్సరాల తరబడి ఇళ్ళ బడ్జెట్లు చూస్తున్నాను, ఈ వరస పెద్దగా మారలేదు. చదరపు అడుగుల్లో రాజీ పడితే నలుగురూ కలిసి పడతారు. నెల ఖర్చులో పడితే నోరెత్తనివాళ్ళు ఒక్కరే పడతారు.

ఇంతకీ ఆ అడుగుల తేడా ఎంత? 1,500, 1,120 అన్నవి సూపర్ బిల్టప్ లెక్కలు, అంటే అందరూ వాడుకునే చోటులో మీ వాటా కూడా కలిపినవి. కొత్త ఎత్తైన టవర్లలో క్లబ్‌హౌసు, లాబీలు, లిఫ్టులు, కారిడార్ల కింద నూటికి పాతిక నుంచి ముప్పై పోతుంది. అక్కడ మీ కాలు తిరిగే చోటు 1,050 దగ్గర ఉంటుంది. పాత అపార్ట్‌మెంట్లలో కామన్ ఏరియా తక్కువ, మీకు 880 దాకా దక్కొచ్చు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం బిల్డరు కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల మీరు వాడుకునే నేల, ఎంతో చెప్పి తీరాలి, బాచుపల్లి వాళ్ళను అది రాసిమ్మని అడగండి. మియాపూర్‌లో టేపు పట్టుకుని మీరే కొలవండి. నా అంచనా 170 అడుగుల తేడా. పన్నెండు బై పద్నాలుగు గది ఒకటి. ఆ ఒక్క గదికి నెలకు 22,650, ఇరవయ్యేళ్ళు.

స్థలం సంగతీ చూడండి. బిల్డింగు ఏటేటా పాతబడుతుంది, విలువ పెరిగేది కింద నేలది. సేల్ డీడ్‌లో మీ వాటాకు ఎన్ని గజాలు రాస్తున్నారో రెండు చోట్లా అడిగి పోల్చండి. ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంటులో ఒక్కో ఫ్లాటుకు వచ్చే వాటా సాధారణంగా టవర్ కంటే ఎక్కువే ఉంటుంది.

ఇక తూర్పు ముఖం. అత్తయ్యగారి నమ్మకాన్ని లెక్కలోంచి కొట్టేయమని నేనెప్పుడూ చెప్పను. రోజంతా ఇంట్లో ఉండేది ఆవిడే. కానీ ఒక్కసారి ప్లాను చూడండి. అపార్ట్‌మెంటులో ద్వారం కారిడార్‌లోకి తెరుచుకుంటుంది. ద్వారం పడమరకు ఉంటే కారిడార్ పడమరన ఉన్నట్టు. అప్పుడు ఫ్లాటు బయటి గోడ, బాల్కనీ సాధారణంగా తూర్పుకు వస్తాయి. తూర్పు ద్వారం ఫ్లాటులో బయటి గోడ పడమరకు పడి, మే నెలలో సాయంత్రం ఎండంతా బెడ్‌రూము గోడే తాగుతుంది. మా ఇల్లు కూడా పడమర ద్వారమే. కొన్నప్పుడు మా అమ్మ నెల రోజులు ముభావంగా ఉంది. గృహప్రవేశం మర్నాడు పొద్దున నేను లేచేసరికి తులసి కుండీని బాల్కనీ మూలకు జరుపుకుని, చెంబుతో నీళ్ళు వదులుతూ నిలబడి ఉంది. ఎండ నేరుగా ఆవిడ ముఖం మీద పడుతోంది. "ఇక్కడికే వస్తున్నాడు గదరా" అంది. మళ్ళీ ద్వారం మాట ఎత్తలేదు. మీ అత్తయ్యగారు అలాగే అంటారని నేను హామీ ఇవ్వలేను. ఒక ఆదివారం పొద్దున ఏడింటికి ఆవిడను తీసుకెళ్ళి ఆ బాల్కనీలో కాసేపు కూర్చోబెట్టండి. ఆవిడ నిర్ణయం ఆవిడను చెప్పనివ్వండి. అప్పటికీ వద్దంటే మియాపూర్‌లో ఇదే ధరలో తూర్పు ద్వారం ఉన్న పాత ఫ్లాటు వెతకండి. కొంచెం ఎక్కువ పడినా ఆ ఖర్చు దండగ కాదు.

అలాగని మియాపూర్ ఫ్లాటు కొనేయమని ఇప్పుడే చెప్పను. ఆవిడ కోసం లిఫ్టు సంగతి చూడాలి. పద్నాలుగేళ్ళ లిఫ్టు. వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి కిందటి నెలలో ఎన్ని రోజులు ఆగిందో, కరెంటు పోతే జనరేటర్ మీద నడుస్తుందో లేదో అడగండి. అతన్నే ఏప్రిల్‌లో వారానికి ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారో, మంజీరా నీళ్ళ కనెక్షన్ ఉందో కూడా అడగండి. అమ్మేవాళ్ళు చెప్పనివి వాచ్‌మన్ చెబుతాడు. బాత్రూముల పైకప్పు మీద తేమ మరకలు చూడండి. అవి పై ఫ్లాటువాళ్ళతో మీకు రాబోయే పేచీలు.

కాగితాల్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) లాయర్ చేత చూపించడం మామూలే. దానికి తోడు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ), అంటే ప్లాను ప్రకారం కట్టారు, కాపురం ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం అడగండి. ఇక్కడ పర్మిషన్ ఇచ్చేటప్పుడు బిల్టప్ ఏరియాలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు. ఓసీ తీసుకున్నాకే దాన్ని విడుదల చేస్తారు. ఓసీ తీసుకోకుండా వదిలేసిన అపార్ట్‌మెంట్లలో ఆ తనఖా ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. ఆ ఫ్లాటు నంబరు అందులో ఉందేమో ఈసీలో చూడాలి. ఉంటే, అమీన్‌పూర్ దానికి చెప్పిన మాటే దీనికీ.

అమ్మేవాళ్ళు "45కి రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం, మిగతాది చేతికివ్వండి" అంటే ఒప్పుకోవద్దు. అప్పు డాక్యుమెంటు విలువను బట్టే వస్తుంది. రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువగా కనబడి పన్ను మీ మీద పడుతుంది. ధర 50 లక్షలకు తగ్గదు కాబట్టి అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి 1 శాతం, అంటే 60 వేలు, టీడీఎస్ (ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) కింద మినహాయించి ప్రభుత్వానికి మీరే కట్టాలి. చాలామంది మర్చిపోయి తర్వాత నోటీసు అందుకుంటున్నారు. ఇంటి అప్పుతో పన్ను మిగులుతుందని ఎవరైనా అంటే, కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు. డీడ్‌లోనూ అప్పులోనూ ఇద్దరి పేర్లూ ఉండాలి. మీవారి మీద అప్పంత మొత్తానికి టర్మ్ పాలసీ విడిగా తీసుకోండి.

ఒక విషయం దాచకుండా చెబుతాను. 47.50 లక్షల మీద మొదటి నెల వాయిదాలో 33,600 పైచిలుకు వడ్డీకే పోతుంది. మీ అద్దె 21 వేలే. అద్దె దండగ అన్న మాట ఈ లెక్కలో నిలబడదు. మీరు కొంటున్నది లాభం కోసం కాదు, ఇల్లు ఖాళీ చేయమని ఎవరూ అనకుండా ఉండడం కోసం. అది కొనదగ్గదే. కాకపోతే కాగితాలు సరిగ్గా లేకపోతే ఇంకో ఏడాది ఈ అద్దె ఇంట్లోనే ఉండడం ఓటమి కాదు.

ఇల్లు జీవితంలో ఒక్కసారే కొనాలని కూడా లేదు. ఫ్లోటింగ్ రేటు ఇంటి అప్పును ముందే తీర్చినా జరిమానా ఉండదు. బోనస్ వచ్చినప్పుడల్లా ఏడాదికి ఒక వాయిదా అదనంగా కడితే అప్పు మూడేళ్ళకు పైగా ముందే తీరుతుంది. పాప ఇంటర్‌కు వచ్చేనాటికి మీ జీతాలు పెరిగి ఉంటాయి. అప్పుడు ఇది అమ్మి మూడు గదులకు వెళ్ళొచ్చు, ఒక ఇల్లు అమ్మిన లాభాన్ని ఇంకో ఇంట్లో పెడితే పన్ను మినహాయింపూ ఉంది. మళ్ళీ 7.5 శాతం రిజిస్ట్రేషన్ తప్పదు కాబట్టి కనీసం ఎనిమిది, పదేళ్ళు ఉండే ఉద్దేశంతోనే కొనండి.

ఈ ఉత్తరం మీవారితో కలిసి చదవండి. బాచుపల్లి వాళ్ళు "ఈ వారం వరకే ఈ రేటు" అంటూ ఉంటారు. ఆ ఫోన్లకు జవాబివ్వకండి. మియాపూర్ ఫ్లాటుకు టోకెన్ కూడా ఇవ్వకుండా ముందు ఈసీ, ఓసీ తెప్పించండి. చేతికొచ్చాక, వాచ్‌మన్ ఏమన్నాడో, అత్తయ్యగారు ఏమన్నారో కూడా కలిపి నాకు రాయండి.