టెక్ సందేహాలు: ట్రాకులు ఎనిమిది, మైకులు రెండే!

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మూడు తరాలుగా మా ఇంట్లో జముకుల కథ చెబుతున్నారు. ఇప్పుడు పిన్ని కథ ఎత్తుకుంటుంది, బాబాయి జముకు (చర్మం మూతకు తంతి కట్టిన వాద్యం) మీటుతూ వంత పాడతాడు, నేను తాళం వేస్తూ గొంతు కలుపుతాను. ఫోన్లో రికార్డు చేస్తే జముకు మోతలో పిన్ని మాటలు వినబడటం లేదు. మాకు కంప్యూటర్ లేదు, కొనే ఆలోచనా లేదు. రికార్డింగూ మిక్సింగూ ఒకే పెట్టెలో అయిపోయే డిజిటల్ మల్టీట్రాక్ రికార్డర్ తీసుకుందామనుకుంటున్నాం. ఒకదాని మీద 8 ట్రాకులని, ఇంకోదాని మీద 24 ట్రాకులని రాసుంది. మాకు ఏది సరిపోతుంది? కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం.

జవాబు: ట్రాకు అంటే ఒక్కో శబ్దం విడిగా పడే వరుస. పెట్టె మీద పెద్దక్షరాల్లో వేసిన ఆ ట్రాకుల అంకెను ముందు పక్కన పెట్టండి. మీరు అడగాల్సింది ఒక్కటే: ఒకేసారి ఎన్ని మైకుల శబ్దాన్ని విడివిడిగా రికార్డు చేస్తుంది? ఈ రెండు అంకెలూ ఒకటేనని చాలామంది పొరబడతారు. టాస్కామ్ డీపీ-008ఈఎక్స్‌లో ట్రాకులు 8. కానీ ఒక్క విడతలో రికార్డయ్యేది రెండే. జూమ్ ఆర్12దీ అదే లెక్క, 8 ట్రాకులకు రెండు ఇన్‌పుట్లు (మైకు గుచ్చే దారులు). టాస్కామ్ డీపీ-24ఎస్‌డీలో 24 ట్రాకులుంటే ఒకేసారి 8, జూమ్ ఆర్20లో 16 ట్రాకులకు ఒకేసారి 8. మిగతా ట్రాకులన్నీ ఒకసారి రికార్డు చేసినదాని మీద మళ్లీ మళ్లీ పేర్చుకోవడానికి.

రెండు ఇన్‌పుట్ల పెట్టెలు ఒంటరిగా పాట కట్టుకునేవాళ్ల కోసం చేసినవి. ముందు గిటారు వాయించి, దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ కీబోర్డు, ఆ పైన గొంతు, ఇలా పొరలు పొరలుగా పేరుస్తారు. మీ కథ అలా నడవదు. పిన్ని ఒక మాట దగ్గర ఆగితే బాబాయి ఆమె ముఖం చూసి జముకు తంతిని లాగి పట్టుకుంటాడు. ఆమె ఏడుపు ఘట్టానికి వస్తే నడక నెమ్మదిస్తుంది, యుద్ధానికి వస్తే పరుగందుకుంటుంది. ముగ్గురినీ విడివిడిగా కూర్చోబెట్టి, చెవుల్లో లయ లెక్కపెట్టే మెట్రోనోమ్ టిక్కుటిక్కులు పెట్టి చెప్పించారంటే ప్రతి గొంతూ శుభ్రంగా వస్తుంది, కథ మాత్రం చచ్చిపోతుంది. దయచేసి ఆ పని చెయ్యకండి. ముగ్గురూ ఎప్పటిలాగే ఒకరికొకరు కనబడేలా కూర్చుని చెప్పండి, రికార్డరే మీకు తగ్గట్టు ఉండాలి.

అంటే పిన్నికి ఒక మైకు, జముకుకు ఒకటి, బాబాయి గొంతుకు ఒకటి, మీ గొంతూ తాళమూ కలిపి ఒకటి. నాలుగు మైకులు. రెండు ఇన్‌పుట్ల పెట్టెలన్నీ ఇక్కడే పక్కకు పోయాయి.

ఇక కరెంటు సంగతి. ఆర్20, డీపీ-24ఎస్‌డీ రెండూ గోడ ప్లగ్గు అడాప్టరు మీద నడిచేవి. రికార్డింగ్ మధ్యలో సరఫరా ఆగితే ఆ ఫైలు సరిగా మూసుకోక, గంట కథ ఒక్కసారిగా పోయే ప్రమాదం ఉంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే భయం లేదు. లేకపోతే మీకు నేను చెప్పేది పాత జూమ్ ఆర్16. 2009లో వచ్చిన మోడల్, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే వెతుక్కోవాలి. కానీ మీ అవసరానికి చక్కగా అమరుతుంది: 16 ట్రాకులు, ఒకేసారి 8 ఇన్‌పుట్లు, శబ్దం పెంచి తగ్గించడానికి చేత్తో జరిపే ఎనిమిది ఫేడర్లు, పైగా ఆరు మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. రీఛార్జ్ అయ్యే నికెల్ సెల్స్ ఆరేసి చొప్పున రెండు సెట్లు కొనండి. మెనూలో సెల్ రకాన్ని మార్చడం మరవద్దు, మారిస్తేనే మిగిలిన ఛార్జు సరిగా చూపిస్తుంది.

సెకండ్ హ్యాండ్‌ది కొనేటప్పుడు వైజాగ్‌లోనైనా, బరంపురంలోనైనా చేతిలోకి తీసుకుని చూడకుండా డబ్బులివ్వకండి. సెల్స్ పెట్టే గూడు తెరిచి ఆకుపచ్చ తుప్పు ఉందేమో చూడండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కో ఫేడరూ కిందికీ పైకీ జరపండి, గరగరమంటే లోపల దుమ్ము చేరినట్టు. ఎనిమిది ఇన్‌పుట్లలోనూ ఒక్కొక్కటిగా మైకు గుచ్చి మాట్లాడండి. కనీసం అరగంట ఆపకుండా రికార్డు చేసి మళ్లీ వినండి.

అలాంటిది దొరక్కపోతే జూమ్ హెచ్6 చూడండి. నాలుగు మైకు ఇన్‌పుట్లు, పైన బిగించే జంట మైకు వేరే, నాలుగు పెన్సిల్ సెల్స్ చాలు. అరచేతిలో పట్టేంత పరికరం కాబట్టి జాతరలో కథ చెప్పేటప్పుడు కూడా పట్టుకుపోవచ్చు. ఫేడర్లు ఉండవు, చిన్న తెరమీద మిక్సింగ్ ఇబ్బందే. కానీ విడివిడి ట్రాకులు భద్రంగా చేతికొస్తాయి, మిక్సింగ్ తర్వాత తీరిగ్గా ఎవరిచేతైనా చేయించుకోవచ్చు.

మైకుల దగ్గర ఖర్చు తగ్గుతుంది. మీకు డైనమిక్ మైకులే మేలు, గొంతులకు షూర్ ఎస్‌ఎమ్58, జముకుకు ఎస్‌ఎమ్57 లాంటివి. వీటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (రికార్డరే మైకుకు పంపే కరెంటు) అక్కర్లేదు కాబట్టి సెల్స్ ఎక్కువసేపు వస్తాయి. ఆర్16లో ఆ పవర్ రెండు ఇన్‌పుట్లకే ఉందన్న లోటూ మీకు తగలదు. ఆ పవర్ కావాల్సిన కండెన్సర్ రకం మైకు దూరపు శబ్దాన్ని కూడా లాక్కుంటుంది, రేకుల ఇంట్లో వాన పడితే కథకంటే వానే ఎక్కువ వినబడుతుంది.

జముకు మైకును జానెడు దూరంలో, చర్మానికి తిన్నగా కాకుండా కాస్త ఓరగా పెట్టండి. తంతిని బిగించి వదిలినప్పుడు సాగుతూ పైకి లేచే ఆ స్వరం అలాగే బాగా పడుతుంది. చర్మానికి ఎదురుగా పెడితే దబదబ తప్ప ఇంకేమీ రాదు. పిన్ని మైకు వెనకభాగం జముకు వైపుకు ఉండేలా కూర్చోబెట్టండి. ఇలాంటి మైకులు వెనకనుంచి వచ్చే శబ్దాన్ని తక్కువగా తీసుకుంటాయి. ఫోన్లో మీకు ఎదురైన సమస్య సగం ఇక్కడే తీరుతుంది.

లెవెల్ సరిచూసేటప్పుడు నెమ్మది పాటతో చూడకండి. అందరూ గొంతెత్తే ఘట్టం ఏదో అది చెప్పించి, అప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలో చెప్పే బటన్) తిప్పండి. కథ వేడెక్కాక ఇంకా పెరుగుతుంది, ఆ ఖాళీ దానికోసం. రికార్డింగ్ 24 బిట్‌లో పెడితే లెవెల్ కాస్త తక్కువైనా నష్టం లేదు. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో మైకుకు నిమిషానికి 8 ఎంబీ పడుతుంది, నాలుగు మైకులకు గంటకు 2 జీబీ లోపే. 32 జీబీ కార్డులో సుమారు 16 గంటలు పడతాయి. ఆర్16కు అంతకంటే పెద్ద కార్డు కొనొద్దు, దానికి 32 జీబీయే హద్దు.

చివరగా, అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. పిన్ని చెప్పే కథ ఏ పుస్తకంలోనూ ఉండదు, ఏ రాత్రి చెప్పింది ఆ రాత్రిదే. రికార్డయిన సాయంత్రమే కార్డు రీడర్‌ను ఓటీజీతో ఫోనుకు తగిలించి అన్ని ట్రాకులూ కాపీ చేసుకోండి, ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉంచండి. మిక్స్ చేసిన రెండు ట్రాకుల ఫైలు దాస్తే చాలదు. ఒకసారి కలిపేశాక జముకునూ గొంతునూ మళ్లీ మునుపటిలా విడదీయలేం. రేపు మీ పిల్లలు జముకు పట్టాలనుకుంటే బాబాయి వాయింపు ఒక్కటే విని నేర్చుకోవాలి కదా.

ప్రశ్న: రాయగడలో అద్దె గదిలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. గిటారుతో సొంత పాటలు కడతాను, కీబోర్డు కూడా ఉంది. జూమ్ ఆర్4 కొంటే 32 బిట్ ఫ్లోట్ కాబట్టి లెవెల్స్ చూసుకోనక్కర్లేదంటున్నారు. నిజమేనా?

జవాబు: చాలావరకు నిజమే. మామూలు 24 బిట్ రికార్డింగ్‌లో శబ్దం హద్దు దాటితే అల తల తెగిపోతుంది, తర్వాత ఏం చేసినా అతకదు. 32 బిట్ ఫ్లోట్‌లో హద్దు దాటిన అలను కూడా దాచుకుంటుంది, తర్వాత తగ్గించుకోవచ్చు. అందుకే ఆర్4లో గెయిన్ సరిచేసే పని తప్పుతుంది. అయితే మైకే తట్టుకోలేక పగిలిన శబ్దాన్నీ, గదిలో ఫ్యాను రొదనూ అది బాగుచెయ్యదు.

మీ ఇబ్బంది అది కాదు. ఆర్4లో నాలుగే ట్రాకులు. కీబోర్డు, రెండు గిటార్లు, గొంతు, దానికి జోడుగొంతు అనుకుంటే నాలుగు ఇట్టే నిండిపోతాయి. అప్పుడు ఉన్నవాటిని కలిపి ఒకటిగా దించుకుని ముందుకెళ్లాలి. 1979లో టాస్కామ్ తెచ్చిన నాలుగు ట్రాకుల క్యాసెట్ పోర్టాస్టూడియో మీదా అందరూ చేసింది ఇదే. ఓపికా, ముందుచూపూ ఉన్నవాళ్లకు మంచి పద్ధతే. కానీ పాట కడుతూ మార్చుకునే అలవాటుంటే ఆర్12 తీసుకోండి. ఒకేసారి రెండే ఇన్‌పుట్లయినా మీరు ఒక్కరే కాబట్టి చాలు, ట్రాకులు ఎనిమిది, టచ్ తెరమీద ముక్కలు కత్తిరించి జరుపుకోవచ్చు. గెయిన్ మీరే సరిచూసుకోవాలి, రెండు మూడు పాటలకు చెయ్యి అలవాటవుతుంది.

గిటారును నేరుగా గుచ్చేటప్పుడు హై-జెడ్ స్విచ్ (గిటారు కోసమే ఉన్నది) వెయ్యండి. వెయ్యకపోతే స్వరం మొద్దుబారి వినిపిస్తుంది. మంద్రంగా గుయ్యిమని 50 హెర్ట్జ్ కరెంటు మోత వస్తుంటే తప్పు గిటారుది కాకపోవచ్చు. అద్దె ఇళ్లలో చాలాచోట్ల ఎర్తింగ్ సరిగా ఉండదు. అడాప్టరు తీసేసి సెల్స్ మీద నడిపి చూడండి. మోత ఆగితే కారణం దొరికినట్టే.

ప్రశ్న: బరంపురంలో ఉంటాం. నాన్నగారు పద్యనాటకాలు ఆడేవారు. ఆయన గొంతున్న క్యాసెట్లు చాలా ఉన్నాయి. ఇలాంటి రికార్డరుతో వాటిని డిజిటల్‌లోకి మార్చుకోవచ్చా?

జవాబు: నిశ్చింతగా. దీనికి రెండు ఇన్‌పుట్ల రికార్డరు చాలు. క్యాసెట్ నాణ్యతకు డీపీ-008ఈఎక్స్‌లోని 16 బిట్ కూడా సరిపోతుంది. దాంతో ఒక మెలిక ఉంది. కార్డును అది రెండు భాగాలుగా వాడుకుంటుంది, రికార్డింగ్ పడే భాగం కంప్యూటర్‌కు కనబడదు. మెనూలో ఎక్స్‌పోర్ట్ చేస్తేనే వేవ్ ఫైలుగా రెండో భాగంలోకి వస్తుంది. తెలియనివాళ్లు కార్డు ఖాళీ అనుకుని ఫార్మాట్ చేసేస్తారు, జాగ్రత్త.

టేపు డెక్ లైన్ అవుట్ నుంచి రికార్డరు లైన్ ఇన్‌పుట్‌కు ఎడమకొకటి, కుడికొకటి పిన్ను ఉన్న కేబుల్ వేయండి. మైకుగా గుచ్చితే శబ్దం పగులుతుంది. ఏళ్లుగా తిరగని క్యాసెట్‌ను వెంటనే ప్లే చేయకుండా, ముందు ఆ చివరికి, మళ్లీ ఈ చివరికి ఒకసారి చుట్టండి. డెక్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. గొంతు దుప్పటి కప్పినట్టు వినిపిస్తే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ వినండి, పద్యంలో స-శ లు స్పష్టంగా పలికిన చోట ఆపండి. ఒక్కో వైపునూ ఆపకుండా ఒకే ఫైలుగా రికార్డు చేయండి. ఏ వైపులో ఏ నాటకం, ఏ ఊళ్లో ఆడింది అన్నది అమ్మగారికి గుర్తుంటే, అది కూడా ఆవిడ గొంతుతోనే అదే కార్డులోకి ఎక్కించండి.