జెనీవాకి పంపే ఆ నివేదిక గురించి

చిట్టితల్లీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కుండానే బధిర పిల్లల చదువు మీద జెనీవాకి నివేదిక రాయమన్నారని టెన్షన్ పడుతున్నావు. "ఐక్యరాజ్యసమితికి మనం రాస్తే ఎవరు చదువుతారు పెద్దమ్మా?" అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నా.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. నేను టీచరుగా చేరిన కొత్తల్లో మా బడిలో సైగలు చేయనిచ్చేవాళ్ళం కాదు. పిల్లలు చేతులు కట్టుకుని కూర్చోవాలి, మా పెదాల కదలిక చూసి మాట పట్టుకోవాలి, నోటితోనే పలకాలి. చెయ్యి లేపితే దెబ్బ. నేనూ కొట్టాను తల్లీ. వాళ్ళకి మాటలు రావాలంటే అదే దారి అని నాకు ట్రైనింగ్‌లో చెప్పారు, నేను నమ్మాను. తొమ్మిదేళ్ళ పిల్ల బెంచీ కింద చేతులు దాచుకుని పక్క పిల్లతో కబుర్లు చెప్పుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

ఆ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో చాలా ఏళ్ళకి గానీ నాకు తెలియలేదు. 1880 సెప్టెంబర్‌లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు మీద ఒక అంతర్జాతీయ మహాసభ జరిగింది. సైగల కంటే నోటిమాటే మేలని అక్కడ తీర్మానం చేశారు. ఓటు వేసినవాళ్ళలో దాదాపు అందరూ చెవులు వినిపించేవాళ్ళే. ఆ తర్వాత యూరప్‌లోనూ అమెరికాలోనూ ఎన్నో బడుల్లో సైగల భాషని తరిమేశారు, బధిర టీచర్ల ఉద్యోగాలు పోయాయి. ఆ గాలి మన దేశానికీ వచ్చింది. ఆ మహాసభే 2010లో కెనడాలోని వాంకూవర్‌లో మళ్ళీ జరిగినప్పుడు మిలాన్ తీర్మానాలని తోసిపుచ్చి, జరిగినదానికి విచారం తెలిపింది. అప్పటికి 130 ఏళ్ళు. ఎన్ని తరాల పిల్లలు బెంచీల కింద చేతులు దాచుకుని ఉంటారో ఆలోచించు.

దేశాలు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం దానంతటదే మంచి చేస్తుందని నేను అననిది ఇందుకే. ఆ గదిలో ఎవరు ఉన్నారన్నది ముఖ్యం. 2002 నుంచి 2006 దాకా న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక రాసేటప్పుడు వికలాంగుల సంఘాలు, ప్రపంచ బధిరుల సమాఖ్యతో సహా, లోపలే కూర్చున్నాయి. దాని ఫలితం కాగితం మీదే కనిపిస్తుంది. 24వ అధికరణం బడిలో సైగల భాష నేర్పాలంటుంది, ఆ భాష వచ్చిన టీచర్లని, వికలాంగ టీచర్లని కూడా, పెట్టుకోవాలంటుంది. 30వ అధికరణం సైగల భాషనీ బధిరుల సంస్కృతినీ గుర్తించాలంటుంది. సంస్కృతి అన్న మాట చూశావా! మేము లోపం అనుకుని కొట్టినదాన్ని వాళ్ళు సంస్కృతి అన్నారు.

కాబట్టి నా మొదటి సలహా, మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోకు: బధిరులతో కలిసి రాయి. వాళ్ళ గురించి రాసి, చివర్లో చూపించి సంతకం పెట్టించుకోవడం కాదు. మొదటి సమావేశానికే సైగల అనువాదకుణ్ణి పిలువు, అనువాదానికిచ్చే డబ్బు బడ్జెట్‌లో ముందే రాసుకో. తల్లిదండ్రుల్ని పిలువు, కానీ పిల్లల బదులు తల్లిదండ్రుల్నే మాట్లాడించి సరిపెట్టుకోకు.

ఇక రాయడం. మీరు పంపుతున్నది సార్వత్రిక నియమిత సమీక్షకి కదా. 193 సభ్యదేశాల్లోనూ మానవ హక్కులు ఎలా ఉన్నాయో జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి వంతులవారీగా సమీక్షిస్తుంది. మన వంతు 2008, 2012, 2017, 2022లో వచ్చింది. మూడు కాగితాలు బల్ల మీదకి వస్తాయి: ప్రభుత్వం ఇచ్చేది, ఐక్యరాజ్యసమితి సంస్థలు చెప్పినవాటి కూర్పు, మీలాంటి సంస్థలు పంపినవాటి సారాంశం. ఒక్క సంస్థ పంపితే 2,815 మాటలు దాటకూడదు, కొన్ని సంస్థలు కలిసి పంపితే 5,630. పరిమితి దాటితే తీసుకోరు. మాటలు లెక్కపెట్టే పని ఆఖరి రాత్రికి వదలకు.

సమీక్ష రోజున మాట్లాడేది మీరు కాదు, తోటి దేశాల ప్రతినిధులు. వందకు పైగా దేశాలు లైన్లో ఉంటాయి, ఒక్కొక్కరికి నిమిషం అటూఇటూ. ఆ నిమిషంలో ఒక ప్రతినిధి చదవగలిగే ఒక్క వాక్యం నువ్వు రాసివ్వాలి. "బధిర పిల్లల పరిస్థితి మెరుగుపరచాలి" అంటే ఏ ప్రభుత్వమైనా సరేనంటుంది, ఏదీ మారదు. "ప్రతి జిల్లాలో సైగల భాష వచ్చిన టీచర్లు ఎందరున్నారో ఏటా లెక్క ప్రకటించాలి" అని రాయి. చేశారో లేదో తర్వాత అడగడానికి వీలుంటుంది.

ప్రభుత్వ నివేదికని పగవాడి కాగితంలా చదవకు. మంచి పని జరిగితే రాయి. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన కేంద్రం పెట్టారు, సైగలకి నిఘంటువు తెచ్చారు, 2020 జాతీయ విద్యావిధానంలో సైగల భాష ప్రస్తావన ఉంది. అవి ఒప్పుకున్నాకే "మరి మా మండలంలో?" అని అడిగితే ఆ ప్రశ్నకి బరువు. నువ్వు కళ్ళారా చూడని అంకె ఒక్కటి కూడా వేయకు. ఒక్క తప్పు దొరికితే మిగతా కాగితమంతా పక్కన పడేస్తారు.

పిల్లల కథలు రాసేటప్పుడు జాగ్రత్త. పేరు తీసేస్తే చాలదు. ఊరు, తరగతి, వినికిడి లేదన్న మాట కలిపితే ఆ ఊళ్ళో అందరికీ ఎవరో తెలిసిపోతుంది.

"మన ఇంటి గొడవ పరాయి దేశంలో చెప్పుకోవడమేంటి" అని చుట్టాల్లో ఎవరో ఒకరు అంటారు. నన్నూ అన్నారు, బాధపడ్డాను. నిదానంగా జవాబు చెప్పు. ఆ వికలాంగుల హక్కుల ఒడంబడిక సంతకాలకి తెరిచిన రోజే, 2007 మార్చి 30న, భారతదేశం సంతకం పెట్టింది, అదే ఏడు అక్టోబర్ 1న ఆమోదించింది. అంతర్జాతీయ ఒప్పందాలని గౌరవించాలని మన రాజ్యాంగం 51వ అధికరణంలోనే ఉంది. 1948 విశ్వ మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో "మగవాళ్ళందరూ" అని అర్థం వచ్చే మాట పోయి "మానవులందరూ" అని వచ్చిందంటే, పట్టుబట్టింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. యునెస్కో కార్యనిర్వాహక మండలికి మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా చేసిన రాధాకృష్ణన్ గారు అధ్యక్షత వహించారు. ఈ ఇంటి గోడలు కట్టినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారమ్మా, పరాయి ఇల్లెలా అవుతుంది?

నివేదిక వెళ్ళిపోయాక మీ ఆఫీసులో అందరూ ఊపిరి పీల్చుకుని ఇంకో పనిలో పడతారు. నువ్వు పడకు. ప్రభుత్వం ఏ సిఫారసులు ఆమోదించిందో, ఏవి "గమనించాం" అని ఊరుకుందో జాబితా వస్తుంది. ఆమోదించినవాటిని తెలుగులోకి తెచ్చి, పక్కనే మన చట్టం పెట్టు. న్యూయార్క్‌లో 24వ అధికరణంలో రాసిన టీచర్ల మాట దాదాపు అలాగే మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. ఆ రెండూ పట్టుకుని జిల్లా విద్యాశాఖాధికారిని కలువు, అక్కడ తేలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాయి. జెనీవా గదిలో పలికిన వాక్యం ఒక మండలంలో ఒక టీచరు పోస్టుగా మారేది ఇక్కడే, నెలల తరబడి తిరిగితేనే.

ముసాయిదా శనివారానికి నాకు పంపు. దాన్ని సైగల్లో వీడియో తీయించి, పంపేముందు బధిర పెద్దవాళ్ళకి చూపిస్తావుగా. వెలుతురు చేతుల మీదా ముఖం మీదా సమంగా పడాలి. సైగలు చేసేవాళ్ళని పూల డిజైన్లు లేని, ఒంటి రంగుకి భిన్నంగా ఉండే రంగు బట్టలు వేసుకోమను, లేకపోతే వేళ్ళు కనిపించవు.

పెద్దమ్మ